బ్యాన్ అయినవారిని సైట్లు మళ్లీ ఎలా గుర్తుపడతాయి? మీ సొంత బ్రౌజర్‌లో చూసి తెలుసుకునే సమగ్ర మార్గదర్శి

పాత వస్తువులు అమ్ముకునే, కొనుక్కునే ఒక సైటులో మోసపు ఖాతాలను అడ్డుకునే విభాగంలో నేను కొన్నేళ్లు పనిచేశాను. ఒక ఏడాది దసరా వెళ్లిన వారానికి, హైదరాబాద్‌లోని ఒక హాస్టల్ నుంచి వాడుతున్న పదకొండు ఖాతాలు ఒకే రాత్రి ఆగిపోయాయి. డబ్బు తీసుకుని వస్తువు పంపకుండా మోసం చేసిన ఖాతా వాటిలో ఒక్కటే. అది అంతకు ముందే బ్యాన్ అయిన మనిషి మరో పేరుతో తెరిచినది. మిగిలిన పదిమందీ అతనున్న హాస్టల్‌లోనే ఉంటూ అదే వైఫై వాడుతున్నారు, వారిలో ఆరుగురి చేతుల్లో పండగ తగ్గింపులో కొన్న ఒకే మోడల్ ఫోను ఉంది. ఇంతమాత్రానికే మా వ్యవస్థ వాళ్లందరినీ ఒక్క మనిషే వేసుకున్న పదకొండు ముసుగులుగా లెక్కగట్టింది.

బ్యాన్ అయిన మనిషి మళ్లీ వస్తే సైటుకు ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు బయట వినిపించే జవాబులు ఎక్కువగా రెండు రకాలు. సైట్లకు మన గురించి అంతా తెలుసుననేది ఒకటి, సైట్లు మన బ్రౌజర్‌లో దాచే కుకీలనే చీటీలు చెరిపేస్తే ఏమీ తెలియదనేది రెండోది. రెండూ తప్పే. సైటు చేతిలో ఉండేది చిన్నా పెద్దా గుర్తుల కట్ట, ఆ కట్టను చూసి వేసుకున్న ఒక అంచనా. ఏ గుర్తు ఎంత గట్టిదో, ఏది ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో తెలియాలంటే మన బ్రౌజర్‌లో మనమే చూసుకోవడం మంచి పద్ధతి. ఒక కంప్యూటరు, ఒక ఫోను, ఓ గంట తీరిక ఉంటే కింద చెప్పినవన్నీ చేసి చూడవచ్చు.

మొదటి పని: మీరు అడగకుండానే మీ బ్రౌజర్ ఏం చెబుతోందో చూడండి

కంప్యూటరులో క్రోమ్ గాని ఫైర్‌ఫాక్స్ గాని తెరిచి, ఏదైనా ఒక సైటుకు వెళ్లి ఎఫ్12 మీట నొక్కండి. పక్కనో కిందో ఒక పలక తెరుచుకుంటుంది. అందులో నెట్‌వర్క్ అనే విభాగాన్ని ఎంచుకుని పేజీని మరోసారి లోడ్ చేస్తే, ఆ పేజీ కోసం మీ బ్రౌజర్ పంపిన అభ్యర్థనలన్నీ వరుసగా కనిపిస్తాయి. అన్నిటికన్నా పైనున్న దానిమీద నొక్కి రిక్వెస్ట్ హెడర్స్ చదవండి. మీరు ఒక్క అక్షరం కూడా టైపు చేయకముందే మీ బ్రౌజర్ సైటుకు అప్పగించిన పరిచయ పత్రం అది.

అందులో యూజర్ ఏజెంట్ అనే వరుస బ్రౌజర్ పేరును, దాని వెర్షన్‌ను, ఆపరేటింగ్ సిస్టమ్‌ను చెబుతుంది. ఒకప్పుడు ఈ వరుసలో ఆండ్రాయిడ్ ఫోను మోడల్ సంఖ్య కూడా ఉండేది. 2022, 2023 సంవత్సరాల్లో క్రోమ్ దీన్ని అంచెలంచెలుగా కుదించింది. ఇప్పుడు ఆండ్రాయిడ్ 14 ఉన్న ఫోనైనా సరే, క్రోమ్‌లో ఈ వరుస ‘ఆండ్రాయిడ్ 10, కె’ అనే చెబుతుంది. అయితే సైటు విడిగా అడిగితే క్లయింట్ హింట్స్ అనే మరో దారిలో మోడల్ పేరును బ్రౌజర్ ఇస్తుంది కాబట్టి, ఆ సమాచారం పూర్తిగా మూతపడలేదు, అడిగినవారికే అందేలా మారిందంతే.

పేజీ ఏ భాషలో కావాలో చెప్పే యాక్సెప్ట్ లాంగ్వేజ్ వరుస మన భాష చదివేవారికి ఇంకా ముఖ్యమైనది. బ్రౌజర్ సెట్టింగుల్లో తెలుగును మొదటి భాషగా పెట్టుకున్నవారి అభ్యర్థనలో తెలుగు కోడు మొదట వస్తుంది. తెలుగు పేజీలు తెలుగులోనే అందాలన్న మంచి కోరికతో మనం చేసుకున్న ఏర్పాటు ఇది. కానీ మన కంప్యూటర్లలో ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే నడుస్తాయి గనుక, తెలుగును ముందు పెట్టుకున్న మనిషి గుంపులో తేలికగా కనబడిపోతాడు. డాలస్‌లో ఉంటున్న తెలుగు మనిషి సంగతి చూడండి. కాలమండలం (టైమ్ జోన్) అమెరికా మధ్య ప్రాంతానిది, మొదటి భాష తెలుగు. ఈ రెండు ముక్కలు కలిస్తేనే లక్షలమందిలోంచి ఆ మనిషి ఉన్న గుంపు చాలా చిన్నదైపోతుంది. ఈ కారణంగా తెలుగు అమరికను మానుకోమని నేను చెప్పను. నా మటుకు నేను మానుకోలేదు. సైటుకు దాని విలువ ఎంత అన్నది మనకు తెలిసి ఉంటే చాలు.

రెండో పని: ఐపీ చిరునామాను దాని స్థాయిలోనే లెక్కగట్టండి

ఐపీ చిరునామాను మనిషి చిరునామాగా అనుకోవడం చాలామందికి అలవాటు. ఐపీవీ4 పద్ధతిలో ప్రపంచం మొత్తానికి ఉన్నవి సుమారు 429 కోట్ల చిరునామాలే. అవి చాలక ఇంటర్నెట్ కంపెనీలు ఒక్క చిరునామా వెనుక చాలామంది వినియోగదారులను ఉంచుతాయి. దీనికోసం 2012లో 100.64తో మొదలై 100.127తో ముగిసే ఒక వరుసను ప్రత్యేకంగా కేటాయించారు. మీ ఫోనులో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ఉండగా, సెట్టింగుల్లో ఫోను గురించిన భాగంలో కనిపించే ఐపీ చిరునామాను రాసుకోండి. తర్వాత మీ ఐపీ ఏమిటో చూపే ఏదైనా సైటుకు వెళ్లి అక్కడ కనిపించేదాన్ని పక్కన రాయండి. మొదటిది పైన చెప్పిన వరుసలోనిదైతే మీరు ఊరు పేరు తెలియని అనేకమందితో కలిసి ఒకే గుమ్మంలోంచి బయటికి వస్తున్నారని అర్థం. ఆ గుమ్మాన్ని సైటు మూసేస్తే ఆ అనేకమందికీ దారి మూసుకుపోతుంది.

ఐపీవీ6లో పరిస్థితి వేరు. ఆ చిరునామాలో 128 బిట్లు, అంటే 0 లేదా 1 అనే అంకెలు ఉంటాయి. రెండో సగం తరచూ మారిపోతూ ఉంటుంది, మొదటి సగం మాత్రం ఇంటి కనెక్షన్‌కో ఫోనుకో చెందినదై కొంతకాలం నిలకడగా ఉండవచ్చు. అందువల్ల ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసే సైట్లు మొదటి 64 బిట్లనే చూస్తాయి. ఏదేమైనా ఐపీ అనేది ఇంటికి వెళ్లే వీధి లాంటిది. దాని ఆధారంతో ఒక మనిషి మీద నిర్ణయం చేయడం సరికాదు.

మూడో పని: మీ దగ్గరే దాచిపెట్టిన చీటీలను బయటికి తీయండి

వెబ్ నడిచే హెచ్‌టీటీపీ పద్ధతికి జ్ఞాపకశక్తి లేదు. ఒక అభ్యర్థనకు జవాబిచ్చాక, మరుక్షణం వచ్చే అభ్యర్థన అదే మనిషిదో కాదో దానికి తెలియదు. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మాంటులీ ఈ లోటు తీర్చడానికి కుకీని తయారుచేశాడు. సైటు మన చేతిలో ఒక టోకెన్ పెడుతుంది, తర్వాత ఎప్పుడు వెళ్లినా మనం ఆ టోకెన్ చూపిస్తాం. అంగడి బుట్టలో సరుకు గుర్తుంచుకోవడానికి పుట్టిన ఆ టోకెనే, బ్యాన్ అయిన ఖాతా ఏ బ్రౌజర్‌లో తెరిచి ఉండేదో చెప్పే గుర్తు కూడా అయింది. పాత ఖాతా బ్యాన్ అయ్యాక అదే బ్రౌజర్‌లోంచి కొత్త ఖాతా తెరిస్తే, పాత టోకెను దానంతటదే కొత్త ఖాతా వెంట వెళుతుంది. నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం ఇంత తేలికగా దొరికిపోయినవే.

ఇప్పుడు ఎఫ్12 పలకలో, క్రోమ్ అయితే అప్లికేషన్ విభాగాన్ని, ఫైర్‌ఫాక్స్ అయితే స్టోరేజ్ విభాగాన్ని తెరవండి. కుకీలు, లోకల్ స్టోరేజ్, సెషన్ స్టోరేజ్, ఇండెక్స్‌డ్ డీబీ అని వరుసగా అరలు కనిపిస్తాయి. మీరు ఎక్కువగా వాడే ఒక సైటులో ఉండి, ఒక్కో అరనూ తెరిచి చూడండి. పొడుగాటి, అర్థంలేని అక్షరాల వరుస ఒకటి రెండు అరల్లోనూ అచ్చంగా ఒకేలా కనిపిస్తే అది మిమ్మల్ని గుర్తించే సంఖ్య అయి ఉండే అవకాశం బాగా ఉంది. ఆ తర్వాత కుకీల అరను మాత్రమే ఖాళీ చేసి పేజీని మళ్లీ లోడ్ చేయండి. కొన్ని సైట్లలో చెరిపిన కుకీ అదే సంఖ్యతో తిరిగి వస్తుంది, ఎందుకంటే లోకల్ స్టోరేజ్‌లో దాచిన నకలు చూసి సైటు దాన్ని మళ్లీ రాసింది. 2010లో సామీ కామ్‌కర్ అనే పరిశోధకుడు ఎవర్‌కుకీ పేరుతో ఈ కిటుకును ప్రపంచానికి బాహాటంగా చూపించాడు. అప్పట్లో వాడిన అరల్లో ఫ్లాష్ కూడా ఒకటి, 2020 చివరితో అది పోయింది. మిగతావి పోలేదు.

కంటికి తేలికగా కనిపించని చీటీ ఇంకొకటి ఉంది. పేజీలోని బొమ్మలను బ్రౌజర్ తన దగ్గర దాచుకుని, తర్వాతిసారి అవి మారాయో లేదో మాత్రమే అడుగుతుంది. అలా అడగడానికి సైటు ఇచ్చిన ఈట్యాగ్ అనే ముద్రను తిరిగి చూపిస్తుంది. సైటు ఒక్కొక్కరికి ఒక్కో ముద్ర ఇస్తే అదే కుకీ పని చేస్తుంది. క్రోమ్ 2020లోను, ఫైర్‌ఫాక్స్ 2021లోను ఈ దాపుడును సైటువారీగా విడదీశాయి. దానివల్ల ఒక సైటులో వేసిన ముద్ర మరో సైటులో మిమ్మల్ని పట్టివ్వదు. మీరు మళ్లీ అదే సైటుకు వెళ్లినప్పుడు మాత్రం ముద్ర అలాగే ఉంటుంది, దాచుకున్న ఫైళ్లను చెరిపేవరకు.

సఫారీలో ఈ చీటీల ఆయుష్షు బాగా తక్కువ. మీరు సఫారీ వాడుతూ కూడా ఏడు రోజులపాటు ఒక సైటును ముట్టుకోకపోతే, ఆ సైటు స్క్రిప్టులు రాసుకున్న నిల్వను 2020 నుంచి సఫారీ తనంతట తానే తుడిచివేస్తోంది.

నాలుగో పని: బ్రౌజర్ వేలిముద్రను తీసి చూడండి

దాచిన చీటీలన్నీ చెరిపేశాక కూడా మిగిలే గుర్తులు ఇవి, వీటన్నిటినీ కలిపి బ్రౌజర్ వేలిముద్ర అంటారు. వీటిని సైటు మీ దగ్గర దాచదు, ప్రతిసారీ మీ బ్రౌజర్‌నే అడిగి కొత్తగా కొలుచుకుంటుంది.

ఎఫ్12 పలకలో ఆదేశాలు టైపు చేసే కన్సోల్‌లో new Date().getTimezoneOffset() అని రాసి ప్రస్తుత కాలమండలం తేడాను నిమిషాల్లో అడిగితే, భారతదేశంలో ఎక్కడినుంచి అడిగినా -330 అనే జవాబు వస్తుంది. అంటే అయిదున్నర గంటలు. శ్రీకాకుళం మొదలు ఆదిలాబాద్ దాకా అందరిదీ ఇదే సంఖ్య కాబట్టి మన దేశంలో నడిచే సైటుకు దీనివల్ల ఒరిగేది పెద్దగా లేదు. అదే ప్రశ్నను Intl.DateTimeFormat().resolvedOptions().timeZone అని కాలమండలం పేరు రూపంలో అడిగితే చిత్రమైన సంగతి ఒకటి బయటపడుతుంది. ఫైర్‌ఫాక్స్ ‘ఏషియా/కోల్‌కతా’ అని చెప్పేచోట క్రోమ్ చాలాకాలంగా పాత పేరుతో ‘ఏషియా/కలకత్తా’ అని చెబుతూ వచ్చింది. ఒకే గోడ మీది గడియారాన్ని చూసి ఇద్దరు రెండు యాసల్లో సమయం చెప్పినట్టన్నమాట. యూజర్ ఏజెంట్‌లో ఫైర్‌ఫాక్స్ అని రాసుకుని కలకత్తా అని పలికే బ్రౌజర్ కనిపిస్తే, అది చెప్పే మిగతా మాటలను కూడా అనుమానంతో చూడవలసి వస్తుంది.

తెర కొలత, రంగుల లోతు, పిక్సెళ్ల నిష్పత్తి వంటివి కూడా ఇలాగే అడగగానే వచ్చే జవాబులు. వాటికన్నా విలువైనది ఫాంట్ల సంగతి. మీ కంప్యూటరులో ఏ ఫాంట్లున్నాయో జాబితా ఇవ్వమని సైటు నేరుగా అడగనక్కరలేదు. ఒక మాటను కనపడకుండా ఒక ఫాంటులో రాసి, దాని వెడల్పు కొలుస్తుంది. ఆ ఫాంటు లేకపోతే బ్రౌజర్ వేరే ఫాంటుతో నెట్టుకొస్తుంది, అప్పుడు వెడల్పు మారుతుంది. కొన్ని వందల పేర్లతో ఇలా కొలిస్తే జాబితా తయారు. విండోస్‌తో వచ్చే నిర్మల వంటి ఫాంట్లు అందరి దగ్గరా ఉండేవే. కానీ డీటీపీ పనిచేసేవారి కంప్యూటరులో అను ఫాంట్లు, పుస్తకాల ముఖచిత్రాలు వేసేవారి దగ్గర మండలి, రామరాజ, సురవర వంటి ఫాంట్లు ఉంటాయి. తెలుగు అక్షరాన్ని అందంగా అచ్చువేయాలని ప్రేమతో ఒక్కొక్కటిగా చేర్చుకున్న ఆ ఫాంట్ల జాబితా, మరెవరి దగ్గరా అచ్చంగా అలా ఉండని ముద్రగా మారుతుంది. యాపిల్ 2018 నుంచి సఫారీలో సిస్టమ్‌తో వచ్చిన ఫాంట్లను మాత్రమే సైట్లకు కనపడనిస్తోంది.

ఇక క్యాన్వాస్. పేజీలో కంటికి కనపడని ఒక చిన్న బొమ్మను గీయమని సైటు బ్రౌజర్‌ను అడుగుతుంది. అందులో సాధారణంగా ‘క్వుమ్ ఫియోర్డ్‌బ్యాంక్ గ్లిఫ్స్ వెక్స్ట్ క్విజ్’ లాంటి ఒక వాక్యం ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలన్నీ ఒక్కోసారి వచ్చేలా కూర్చినది గనుక దానికి అర్థం కంటే ఆకారం ముఖ్యం. పక్కన ఒక ఎమోజీ, వెనుక రంగు దీర్ఘచతురస్రం కూడా పెడతారు. గీసిన బొమ్మను తిరిగి చదివి, దాని పిక్సెళ్లన్నిటినీ ఒక చిన్న సంఖ్యగా కుదిస్తారు. అక్షరం అంచులను నునుపు చేసే తీరు గ్రాఫిక్స్ చిప్పును బట్టి, డ్రైవర్‌ను బట్టి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను బట్టి వెంట్రుకవాసి మారుతుంది. మన కంటికి తెలియని ఆ తేడా సంఖ్యలో స్పష్టంగా తేలుతుంది. మోవరీ, షాకమ్ అనే ఇద్దరు పరిశోధకులు 2012లో దీన్ని వివరించారు, 2014 నాటి ఒక పరిశోధన లక్ష ప్రముఖ సైట్లను పరిశీలించి వాటిలో అయిదు శాతానికి పైగా దీన్ని వాడుతున్నట్టు తేల్చింది. త్రీడీ బొమ్మలు గీయడానికి బ్రౌజర్‌లో ఉండే వెబ్‌జీఎల్ అనేది దీనికి అన్నలాంటిది. అది చాలా బ్రౌజర్లలో గ్రాఫిక్స్ చిప్పు పేరునే నేరుగా చెప్పేస్తుంది. ధ్వనిని కంప్యూటరు ఎలా లెక్కగడుతుందో కొలిచే పద్ధతి కూడా ఉంది. బయటికి ఏ శబ్దమూ రాదు, లెక్క మాత్రం జరిగిపోతుంది.

వీటన్నిటినీ విడివిడిగా అడిగే ఓపిక లేకపోతే, డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ నడిపే ‘కవర్ యువర్ ట్రాక్స్’ అనే సైటుకు వెళ్లి పరీక్ష మీట నొక్కండి. ఫ్రాన్స్ పరిశోధకుల ‘యామ్ ఐ యూనిక్’ కూడా ఇదే పని చేస్తుంది. ఒక్కో గుర్తు ఎంతమందిలో ఒకరికి ఉంటుందో అవి విడివిడిగా చూపిస్తాయి. కంప్యూటరులో ఒకసారి, ఫోనులో ఒకసారి, ప్రైవేటు విండోలో ఒకసారి నడిపి, మూడు ఫలితాలనూ పక్కపక్కన పెట్టుకోండి. ప్రైవేటు విండోలో కుకీల అరలు ఖాళీగా ఉంటాయి. కాలమండలం, ఫాంట్లు, గ్రాఫిక్స్ చిప్పు మాత్రం చాలా బ్రౌజర్లలో యథాతథంగా కనిపిస్తాయి. ప్రైవేటు విండో దాచేది మీ ఇంట్లోవాళ్లకు కనిపించే చరిత్రనే తప్ప, సైటుకు కనిపించే ముఖాన్ని కాదు.

అయిదో పని: బిట్ల లెక్క వేయండి

గుర్తుల బరువును బిట్లలో కొలుస్తారు. ఇద్దరిలో ఒకరిని వేరుచేసే గుర్తుకు ఒక బిట్ విలువ, నలుగురిలో ఒకరికైతే రెండు, ఎనిమిదిమందిలో ఒకరికైతే మూడు. ఒక్కో బిట్ చేరినప్పుడల్లా గుంపు సగానికి తగ్గిపోతుంది. రెండును 33 సార్లు గుణిస్తే సుమారు 859 కోట్లు వస్తుంది గనుక, భూమ్మీద ఉన్న మనుషులందరిలో ఒకరిని విడదీయడానికి 33 బిట్లు చాలు.

2010లో పీటర్ ఎకర్స్‌లీ అనే పరిశోధకుడు పైన చెప్పిన ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ తరఫున 4,70,161 బ్రౌజర్ల వేలిముద్రలను పరిశీలించి, వాటిలో 83.6 శాతం ఒకదానితో ఒకటి కలవనివని తేల్చాడు. ఒక వేలిముద్రలో సగటున కనీసం 18.1 బిట్ల సమాచారం ఉందని, అంటే 2,86,777 బ్రౌజర్లలో మరొకటి మాత్రమే దానిలా ఉండవచ్చని ఆయన లెక్క. ఈ ఒక్క సంఖ్య చూసి భయపడినవారు చాలామంది. నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో దీన్నే చెప్పుకుని తిరిగాను. తర్వాత 2018లో ఫ్రాన్స్‌లోని ఒక పెద్ద సైటుకు వచ్చిన 20,67,942 వేలిముద్రలను పరిశీలిస్తే, వేరెవరితోనూ కలవనివి 33.6 శాతమే ఉన్నాయి. ఫోన్లను విడిగా చూస్తే అది 18.5 శాతానికి పడిపోయింది. తమ గోప్యత మీద ఆసక్తితో పరీక్ష సైటుకు వచ్చేవారి బ్రౌజర్లు వేరు, వార్తలో వాతావరణమో చూసుకోవడానికి వచ్చే మామూలు జనం బ్రౌజర్లు వేరు.

ఫోన్ల విషయంలో ఆ సంఖ్య ఎందుకు తగ్గుతుందో మన హాస్టల్ ఉదంతమే చెబుతుంది. ఒకే మోడల్, ఒకే చిప్పు, ఒకే తెర, ఫ్యాక్టరీలో వేసిన అవే ఫాంట్లు, ఒకే ఆపరేటింగ్ సిస్టమ్. ఫోనులో మనం కొత్త ఫాంట్లు వేయం, బ్రౌజర్ విండోను సాగదీయం. ఆ ఆరు ఫోన్ల క్యాన్వాస్ సంఖ్యలు చివరి అంకెదాకా ఒకటే. క్యాన్వాస్ కలిసింది, ఐపీ కలిసింది, భాష కలిసింది, కాబట్టి మనిషి ఒక్కడే అని మా వ్యవస్థ తీర్మానించింది. నిజానికి ఆ హాస్టల్ లోపల ఆ మూడు గుర్తులకూ కలిపి ఉన్న విలువ దాదాపు సున్నా. మనదేశంలో ఇంటిల్లిపాదీ ఒకే ఫోను చూసుకునే ఇళ్లున్నాయి, ఊరంతటికీ ఒకే నెట్ సెంటరున్న చోట్లున్నాయి. వేరే దేశపు జనం మీద తూకం వేసిన లెక్కను ఇక్కడికి తెచ్చి పెడితే తక్కెడ తప్పుతుంది.

ఆరో పని: సైటు వీటిని ఎలా కలుపుతుందో అర్థం చేసుకోండి

గుర్తులన్నిటినీ ఒక్క సంఖ్యగా కుదించి, ఆ సంఖ్య కలిస్తే బ్యాన్ చేయడం కొత్తగా పెట్టిన సైట్లు చేసే పని. అది రెండు వైపులా దెబ్బతింటుంది. బ్రౌజర్ ఒక మెట్టు అప్‌డేట్ అయినా సంఖ్య మొత్తం మారిపోతుంది గనుక నిజంగా తిరిగి వచ్చినవాడు దొరకడు, ఒకే మోడల్ ఫోన్లున్న అమాయకులు దొరికిపోతారు. అనుభవమున్న సైట్లు గుర్తులను విడివిడిగానే నిల్వ ఉంచుతాయి. గ్రాఫిక్స్ చిప్పు ఏళ్ల తరబడి మారదు, బ్రౌజర్ వెర్షన్ కొన్ని వారాలకోసారి మారుతుంది, అదీ ముందుకే తప్ప వెనక్కి రాదు. ఏది ఎంత వేగంగా, ఏ దిక్కుకు మారుతుందో తెలిస్తే, మారిన వేలిముద్రను కూడా పాతదానితో ముడిపెట్టవచ్చు. 2018లో ఎఫ్‌పీ-స్టాకర్ పేరుతో జరిగిన పరిశోధన 1,905 బ్రౌజర్లను వెంబడించి, ఇలా ముడిపెడుతూ ఒక బ్రౌజర్‌ను సగటున 54 రోజులపాటు గుర్తించవచ్చని చూపింది.

ఇలా పోల్చాక ఒక్కో గుర్తుకు ఒక్కో బరువిచ్చి మార్కులు వేస్తారు. పాత కుకీ కలిస్తే ఎక్కువ, ఐపీ కలిస్తే తక్కువ, డబ్బు జమయ్యే బ్యాంకు ఖాతా కలిస్తే చాలా ఎక్కువ. గుర్తుల మధ్య పొంతన లేకపోవడం కూడా ఒక గుర్తే. మన రాకపోకలను వేరేచోటి సర్వరు మీదుగా పంపే వీపీఎన్ వాడితే ఐపీ, ఉదాహరణకు, నెదర్లాండ్స్‌కు మారుతుంది, గడియారం మాత్రం -330 అనే చెబుతూ ఉంటుంది. వీపీఎన్ వాడటం తప్పు కాదు, చాలా ఆఫీసుల్లో అది తప్పనిసరి. అందుకని ఆ ఒక్కదానితో ఎవరినీ ఆపకూడదు. అయినా మార్కులు కొన్ని అనుమానం వైపు పడతాయి.

మార్కులను నిర్ణయంగా మార్చడంలోనే సైటు నిజాయితీ తెలుస్తుంది. ప్రత్యక్ష ప్రసారాల సైటు ట్విచ్ 2021 చివర్లో తెచ్చిన ఏర్పాటులో, తిరిగి వచ్చి ఉండవచ్చనుకున్న ఖాతాలను రెండు రకాలుగా విడదీస్తారు. బలమైన అనుమానం ఉన్నవారి సందేశాలు చాట్‌లో కనిపించకుండా ఆగి, చాట్‌ను పర్యవేక్షించే మోడరేటర్లకు మాత్రం కనిపిస్తాయి. అనుమానం తక్కువగా ఉన్నవారి సందేశాలు మామూలుగానే వెళతాయి, పక్కన మోడరేటర్ల కోసం ఒక గుర్తు ఉంటుంది. ఆఖరి మాట మనిషిది. ఇది నాకు నచ్చిన పద్ధతి.

వికీపీడియా ఇంకా తక్కువ సమాచారంతో, ఇంకా ఎక్కువ జాగ్రత్తతో ఈ పని చేస్తుంది. అక్కడ చెక్‌యూజర్ అనే అధికారం నమ్మకస్తులైన కొద్దిమంది వాడుకరులకే ఉంటుంది. వారు చూడగలిగేది ప్రధానంగా ఐపీ చిరునామా, యూజర్ ఏజెంట్, క్లయింట్ హింట్స్, అవి కూడా 90 రోజుల లోపువి. క్యాన్వాస్ బొమ్మలు గీయించడం అక్కడ లేదు. ఉన్న ఆ కాస్త ఆధారాన్ని దిద్దుబాట్ల తీరుతో, ఎంచుకునే వ్యాసాలతో, వాక్యం కట్టే అలవాటుతో పోల్చి, ఆ తర్వాతే రెండు ఖాతాలు ఒకరివేనని చెబుతారు. వాక్యం కట్టే అలవాటు అన్నమాట తెలుగులో మరీ వర్తిస్తుంది. ఒకరు ‘చేశారు’ అని, ఇంకొకరు ‘చేసారు’ అని రాస్తారు, పేరు మార్చుకున్నా ఆ చేతివాటం మారదు. చెక్‌యూజర్లు లేని వికీల్లో అభ్యర్థన మెటా-వికీ అనే ఉమ్మడి సైటులో, అన్ని వికీల మీదా అధికారమున్న స్టీవార్డుల దగ్గరికి వెళుతుంది.

యాప్‌ల విషయం క్లుప్తంగా

ఒక్కో ఫోనుకు ఒక్కటిగా ఉండే ఐఎంఈఐ సంఖ్య గాని, వైఫై చిప్పుకు ఉండే మ్యాక్ చిరునామా గాని బ్రౌజర్‌లోని సైటుకు కనిపించదు. ఇది తెలియక చాలామంది భయపడతారు. యాప్‌లకు ఒకప్పుడు కనిపించేవి. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి మామూలు యాప్‌లకు ఐఎంఈఐ కూడా అందదు. ఆండ్రాయిడ్ ఐడీ అనే సంఖ్య ఒకటి ఉంటుంది, అది 2017 నుంచి ఒక్కో యాప్ తయారీదారుకు ఒక్కో విధంగా కనిపిస్తుంది, ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే మారుతుంది. యాపిల్ వారి డివైస్‌చెక్ ఏర్పాటు మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఒక్కో ఫోనుకు ఒక్కో యాప్ సంస్థ తరఫున రెండంటే రెండు బిట్లను యాపిల్ తన దగ్గరే దాచి ఉంచుతుంది. యాప్ తీసేసినా, ఫోను మొత్తం చెరిపేసినా ఆ రెండు బిట్లు అలాగే ఉంటాయి. ‘ఈ ఫోను నుంచి ఇదివరకు మోసం జరిగింది’ అని గుర్తుపెట్టుకోవడానికి ఒక బిట్ సరిపోతుంది, యజమాని ఎవరో మాత్రం దానివల్ల ఎవరికీ తెలియదు. ఇందులో ఒక చిక్కుంది. ఆ ఫోనును పాతదాని కింద కొనుక్కున్నవారికి ఆ మచ్చ కూడా సంక్రమిస్తుంది. అందుకే ఫోను చేతులు మారితే ఆ బిట్లను ఎప్పుడు తుడవాలో యాప్ సంస్థ ముందే నిర్ణయించుకోవాలి.

ఏడో పని: పొరపాటున మిమ్మల్ని ఆపితే ఏం చేయాలి

మరో ఖాతా తెరవకండి. అందరూ మొదట చేసేది అదే, అందరినీ ముంచేదీ అదే. కొత్త ఖాతాకు పాత ఖాతా గుర్తులన్నీ అంటుకుంటాయి, అంతవరకు అనుమానంగా ఉన్నది రుజువుగా మారుతుంది. కుకీలు కూడా చెరపకండి. మీరు పాత మనిషేనని, ఏళ్లుగా మీ ఖాతాను ఇదే బ్రౌజర్‌లోంచి వాడుతున్నారని చెప్పే సాక్ష్యం వాటిలోనే ఉంది.

ఆ తర్వాత సైటు సహాయ విభాగానికి ఒక ఉత్తరం రాయండి. కోపం, బతిమాలడం రెండూ వద్దు. ఖాతా ఎప్పుడు తెరిచారు, ఏ ఫోను మోడల్ నుంచి వాడుతున్నారు, ఏ ఊళ్లో ఎలాంటి కనెక్షన్ మీద ఉన్నారు, ఆ కనెక్షన్‌ను మీతోపాటు ఎంతమంది వాడుతున్నారు, ఆగిపోవడానికి ముందు చివరిగా ఏం చేశారు, ఈ వివరాలు వరుసగా ఉండాలి. ‘మా ఇంట్లో నా తమ్ముడి ఖాతా ఉంది, ఇద్దరమూ ఇదే ఫోను వాడతాం’ అన్న మాట దాచకుండా రాయాలి, ఎందుకంటే అవతలివారికి అది ఇప్పటికే కనిపిస్తూ ఉంటుంది. మీరు ముందుగా చెబితే వివరణ అవుతుంది, వారు అడిగాక చెబితే సాకు అవుతుంది.

సహాయ విభాగం నుంచి యంత్రం రాసిన జవాబే వస్తుంటే, భారతదేశంలో ఇంకో మెట్టు ఉంది. 2021 నాటి సమాచార సాంకేతిక నియమాల ప్రకారం ఇలాంటి సంస్థలు ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే విధానం ప్రకటించాలి. ఫిర్యాదు అందినట్టు ఆ అధికారి 24 గంటల్లో తెలపాలి. ఆయన నిర్ణయం మీకు సమ్మతం కాకపోతే 30 రోజుల్లోగా కేంద్ర ప్రభుత్వం 2023లో ఏర్పాటుచేసిన ఫిర్యాదుల అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లోనే వెళ్లవచ్చు. అందుకు ఇప్పటివరకు జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాల కాపీలు, తేదీలు కావాలి. కాబట్టి మొదటి రోజు నుంచే తెరపట్టులు (స్క్రీన్‌షాట్లు) తీసి ఒకచోట పెట్టుకోండి.

హాస్టల్‌లోని పదిమందిలో తొమ్మిదిమంది మాకు రాసిన ఉత్తరాల్లో ‘నేనేమీ చేయలేదు’ అన్న ఒక్క మాటే ఉంది. పదోవాడు మాత్రం తన ఖాతా తెరిచిన నెల, అంతకు ముందు వాడిన ఫోను మోడల్, ఆ ఫోను నుంచి అమ్మిన సైకిలు, కొత్త ఫోను కొన్న తేదీ, హాస్టల్ వైఫై వాడేది ముప్ఫైమందికి పైనేనన్న సంగతి రాశాడు. రికార్డు తీసి చూస్తే, బ్యాన్ అయిన మనిషి మొదటి ఖాతా కంటే ఇతని ఖాతా రెండేళ్లు పాతది, పాత ఫోను నుంచి కొత్త ఫోనుకు మారిన తేదీ కూడా సరిగ్గా కలిసింది. అతని ఖాతా ఆ సాయంత్రమే తెరుచుకుంది. అతను రాసిన వైఫై సంగతి పట్టుకుని మిగతా తొమ్మిదింటినీ మర్నాడు ఒక్కొక్కటిగా చేత్తో పరిశీలించి విడుదల చేశాం. అదే వారంలో మా లెక్కలోంచి ఐపీకి ఇచ్చే మార్కులను సగానికి తగ్గించి, ఒకే మోడల్ ఫోన్లు ఒకే వైఫై మీద కనిపిస్తే యంత్రం తనంతట తాను ఆపకుండా మనిషి చూపుకు పంపే నియమం చేర్చాం.